శాలువాకు అంచొచ్చింది

“అమ్మా, గిదేంది? లంచ్‌కు ముందు శాలువాకు ఈ అంచు లేదు గదా!”

ఫిల్మ్ నగర్ స్టూడియోలో అసిస్టెంట్ డైరెక్టర్ మేధ కంగారుగా అడిగింది. సీను సగం తీశారు. మిగతా సగంలో తల్లి ఒళ్లోని శాలువాకు గవ్వల్లాంటి అంచు మొలిచిందంటే తన ఉద్యోగం ఊడినట్టే.

తల్లి వేషం వేస్తున్న సత్యలక్ష్మి క్రోషియా సూది ఆపలేదు. “ఖాళీగా కూర్చోలేక అల్లేశానమ్మా. బాగుందా?”

“మస్తుగుంది. కానీ జర విప్పేయుండ్రి.”

సత్యలక్ష్మి శాలువాను గుండెకు హత్తుకుంది. “ముప్పై ఏళ్లుగా సినిమాల్లో అల్లినట్టు నటించడమే తప్ప నాకు ఒక్క కుట్టు కూడా వచ్చేది కాదు. సిగ్గేసి, ఈ సినిమా కోసం మా మనవరాలి దగ్గర నేర్చుకున్నాను. నా చేత్తో వేసిన మొదటి అంచమ్మా ఇది.”

ఊలు కొస లాగబోయిన మేధ చెయ్యి ఆగిపోయింది. గబగబా అంచును లోపలికి మడిచి పిన్నులు పెట్టింది.

“గిప్పుడు ఉత్తగనే సూది ఆడించుండ్రి. ఎప్పటి లెక్కనే యాక్టింగ్ చెయ్యుండ్రి.”

షాట్ మొదలైంది. నిమిషం కాకముందే డైరెక్టర్ వేదవ్యాస్ అరిచాడు.

“కట్! ఏంటమ్మా, జన్మలో సూది పట్టనట్టు చేస్తున్నారు?”

“ఇన్నాళ్లూ బాగానే చేశానయ్యా. నిజంగా ఒక అంచు అల్లేశాక ఉత్తుత్తిగా అల్లడం చేతకావట్లేదు.”

మేధకు నవ్వొచ్చింది. ఉద్యోగం సంగతి మరిచిపోయి పిన్నులు పీకేసింది.

“సార్, అమ్మను నిజంగనే అల్లనియ్యుండ్రి. పొద్దుటి సగం ఈ అంచుతోనే మళ్లీ తీద్దాం.”

వేదవ్యాస్ శాలువా వంక చూసి, తల పట్టుకుని, చివరికి సరేనన్నాడు.

అప్పటికే సత్యలక్ష్మి అంచుకు రెండో వరస మొదలుపెట్టింది.