జవాబు దరువు

“ఆపండి. ఆ దెబ్బ అంత అందంగా పడకూడదు.”

వేదిక నడుమ నిలబెట్టిన చెక్కగోడ మీద, అటొకరూ ఇటొకరూ వాయిస్తున్న చేతులు ఒక్కసారిగా ఆగాయి.

ఖాళీ కుర్చీల్లోంచి లేచిన పెద్దాయన గొంతు ఆకురాయిలా గరగరలాడింది.

గోడకు ఇవతల వాయిస్తున్న మాస్టారికి ఒళ్లు మండింది. సాయంత్రమే ప్రదర్శన. పేరు తేలినా, మునిగినా ఈ పూటతోనే.

“పెద్దాయనా, పిలవని పేరంటానికి వచ్చి వంకలు కూడా పెడుతున్నారా?”

గోడకు అవతల వాయిస్తున్న శిష్యురాలు కిసుక్కున నవ్వింది.

“ఈ కృతి ఎలా పుట్టిందో తెలుసా మీకు?” అన్నాడు మాస్టారు. “మహమ్మారి రోజుల్లో, లోకమంతా తలుపులు బిగించుకుని కూర్చున్నప్పుడు, నా గది గోడకు అవతల ఎవరో దరువు వేశారు. చాలాసేపు విన్నాను. విని విని, నేనూ ఒక జవాబు దరువు వేశాను. అంతే, అవతల నిశ్శబ్దం! గోడలకు చెవులుంటాయంటారు, చేతులు కూడా ఉంటాయని చూపిస్తున్నాను నేను.”

“ఆ మనిషెవరో కనుక్కున్నారా?”

“ఆ ఇంటి గుమ్మం వెనక వీధిలో. వెళ్లలేదు. ముఖం తెలిస్తే మహిమ పోతుంది. ఇది కళ, మీకు తెలియదులెండి.”

పెద్దాయన మెల్లగా మెట్లెక్కాడు. శిష్యురాలిని పక్కకు జరగమని సైగ చేసి, పిడికిలి బిగించి చెక్కను మోదాడు.

వెంట వెంటనే రెండు దెబ్బలు. ఒక తడబాటు. మళ్లీ ఒకటి, అరచేత్తో, జారిపోతూ.

మాస్టారికి రోమాలు నిక్కబొడుచుకున్నాయి. ఏళ్ల తరబడి చెవిలో దాచుకున్న దరువు అది. అదే ఊపు, అదే తొట్రుపాటు. ఎంత చెప్పినా ఏ శిష్యుడి చేతికీ ఎక్కని తొట్రుపాటు.

గోడ చుట్టూ పరుగెత్తుకొచ్చి ఆ చేతులు పట్టుకున్నాడు.

“మీరా! అయ్యో, నోరు జారాను, మనసులో పెట్టుకోకండి. సాయంత్రం ఇటువైపు మీరే వాయించాలి, కాదనకూడదు. సభంతా లేచి నిలబడుతుంది చూడండి!”

పెద్దాయన చేతులు వెనక్కి తీసుకోలేదు. చల్లగా, బరువుగా, అలాగే ఉంచేశాడు.

“ఒక్కటి చెప్పండి గురువుగారూ” అన్నాడు మాస్టారు. “నా జవాబు వినగానే ఠక్కున ఆపేశారే, ఆ నిశ్శబ్దమే ఈ కృతికి ప్రాణం. అది మీకెలా తట్టింది?”

“మా ఆవిడకు ఊపిరి అందడం లేదప్పుడు” అన్నాడు పెద్దాయన. “నాకా లేచే సత్తువ లేదు, గొంతు పెగల్లేదు. ఫోన్ చేస్తే ఎత్తే దిక్కు లేదు. అందుకని గోడ కొట్టాను.”

మాస్టారి పట్టు సడలింది.

“మీరు తిరిగి కొట్టగానే, ‘విన్నారు, వచ్చేస్తున్నారు’ అని ఆవిడకు చెప్పి, కొట్టడం ఆపేశాను బాబూ. ఆవిడ తలుపు వైపు చూస్తూనే పోయింది.”