స్వరూప కొట్టిన ఆఁ

"పొద్దుగాల్నుంచి చెప్పి రాయించిన, నలభై మూడు పేర్లు! అన్నీ మాయమైనయ్! పెండ్లికార్డుల ఒక్క పేరు తప్పినా మా ఇంట్ల లొల్లే!" దుర్గవ్వ బల్ల చరిచింది.

"'తీసెయ్యాల్నా?' అని కంప్యూటర్ అడిగింది గదక్కా, 'అవును' ఎందుకు నొక్కినవ్?" అంది శ్రీలేఖ, దుకాణం నడిపే స్వరూపతో. ఆ కార్డుల దుకాణానికి ప్రోగ్రాం రాసిచ్చింది ఆమే.

"అడిగిందా?" అంది స్వరూప, ఇంకో కార్డు టైపు చేస్తూ, తలెత్తకుండా.

శ్రీలేఖకు అనుమానం వచ్చింది. "అక్కా, చాయ్ తాగుతవా?"

"ఆఁ."

"నీ పట్టుచీర నాకిస్తవా?"

"ఆఁ."

"దుకాణం అమ్మేద్దామా?"

"ఆఁ, అమ్మేద్దాం."

పొద్దంతా గిరాకీలకు ఆఁ కొట్టే మనిషి కంప్యూటర్‌కు మాత్రం వేరే జవాబు చెబుతుందా? తప్పు తన ప్రశ్నదేనని శ్రీలేఖకు అర్థమైంది. పేర్లు ఇంకా కంప్యూటర్ లోపలే ఉన్నాయి, కానీ వాటిని తిరిగి తెచ్చే దారే తను పెట్టలేదు. గంటసేపు కూర్చుని ఆ ప్రశ్నను పీకేసి, దాని చోట 'మళ్లీ తెచ్చుకో' అని ఒక మీట పెట్టి నొక్కింది.

పేర్లన్నీ వరుసగా వచ్చి నిలబడ్డాయి.

దుర్గవ్వ వేలు పెట్టి ఒక్కొక్కటే చదువుకుంటూ చివరి పేరు దగ్గర ఆగింది. ముఖం వాడిపోయింది.

"మా తోటికోడలు సుత వచ్చిందా బిడ్డా! ఆమె పేరు కంప్యూటరే మింగింది, నేనేం జేతునని చెప్దామనుకున్న."