మెట్ల మీద ఇంటర్వ్యూ

“ఒకేసారి నాలుగైదు పనులు చెయ్యగలరా మేడమ్?” అని అడిగింది ఫోన్లో ఉద్యోగాలు కుదిర్చే ఏజెంటమ్మాయి.

“అలవాటేనండీ,” అంది అవధానమ్మ గుసగుసగా.

ఆఫీసు వెనకవైపు, నాలుగో అంతస్తుకీ అయిదో అంతస్తుకీ మధ్య మెట్టు మీద నక్కి కూర్చుని ఉందామె. ఒళ్లో లాప్‌టాప్. అందులో నలభై వేల మంది కస్టమర్లకి పన్నెండింటికల్లా వెళ్లాల్సిన సబ్బు ఆఫరు మెయిలు. ఎడమ చేతిలో ఆఫీసు ఫోను. అందులో కొత్త షాంపూ పేరు కోసం పదకొండు మంది జుట్లు పట్టుకుంటున్న గ్రూపు. జుట్టు కింద దాచిన కుడి చెవిలో సొంత ఫోను తాలూకు ఇయర్‌ఫోను. అందులో ఈ ఇంటర్వ్యూ. ఎనిమిది పనులు ఒక్కసారే మొదలుపెడుతుందని ఆఫీసంతా కలిసి పెట్టిన పేరే అవధానమ్మ. పూర్తి చేస్తుందని మాత్రం ఎవరూ అనలేదు.

“ఇప్పుడున్న ఉద్యోగం ఎందుకు మానేద్దామనుకుంటున్నారు?”

“మా బాసండీ.”

“కోపిష్టా?”

“అబ్బే, మనిషి బంగారం. నిద్రపోతున్నంతసేపూ.”

ఆఫీసు ఫోను కుయ్యిమంది. బంగారమే. ‘ఎక్కడ?’ అని ఒకే ఒక్క మాట.

బాసుకి తెలిస్తే ఈ పూటే సాగనంపుతాడు. కిందటి నెల సేల్స్ కుర్రాడొకడు ఇలాగే ఇంటర్వ్యూ ఇస్తూ దొరికిపోయాడు. అతను లిఫ్టులో కిందికి దిగేసరికి అతని సామాన్ల డబ్బా అతనికంటే ముందే గేటు దగ్గర నిలబడి ఉందట. కొత్త ఉద్యోగం చేతికి రాకముందే పాతది ఊడితే, ఇంట్లో అమ్మ, చదువుకుంటున్న తమ్ముడు, నెల తిరక్కుండానే రోడ్డున పడతారు.

‘ప్రింటర్ దగ్గర సార్’ అని కొట్టింది.

‘ప్రింటర్ దగ్గర నేనున్నాను.’

‘రెండో ప్రింటర్ సార్.’

ఆఫీసులో ఉన్నది ఒకటే ప్రింటరు. ఆ సంగతి మెసేజి వెళ్లిపోయాక గుర్తొచ్చింది.

“మేడమ్, లైన్లో ఉన్నారా?”

“ఉన్నానండీ! ఇంతకీ కంపెనీ పేరు చెప్పనేలేదు.”

“ఆఖరి రౌండు దాకా చెప్పకూడదు మేడమ్. వాళ్లకీ మీ పేరు చెప్పలేదు. ఏడో నంబర్ అన్నానంతే. మీ ఫోన్ నంబర్ కూడా వాళ్లకి కనపడదు.”

అవధానమ్మకి కాస్త ఊపిరాడింది.

“మీకో గుట్టు చెప్తాను, ఎక్కడా అనకండి. ఆ సీట్లో ఇప్పుడొకావిడ ఉంది. శుక్రవారం తీసేస్తున్నారు. ఆవిడకింకా తెలీదు.”

“అయ్యో, పాపం!” అంది అవధానమ్మ మనస్ఫూర్తిగా. “అయితే నేను సోమవారం చేరొచ్చా?”

“మీరు నాకైతే నచ్చారు. వాళ్ల పెద్దసారు ఒక్కమాట మాట్లాడితే అయిపోయినట్టే. ఆయన్ని కాల్‌లో కలుపుతాను. ఫోన్ మాత్రం పెట్టెయ్యకండి, ఆయనకి రెండోసారి చేస్తే ఎత్తరు.”

చెవిలో సన్నాయి లాంటి సంగీతం మొదలైంది. అదే సమయానికి పైనున్న తలుపు కిర్రుమంది. తొంగిచూసింది డిజైన్లు గీసే పెద్దాయన. ఆఫీసుకంతటికీ బాబాయ్.

“ఇక్కడున్నావా తల్లీ! బాసు నీకోసం బల్లల కింద కూడా వెతుకుతున్నాడు.”

“బాబాయ్, నీ కాళ్లు పట్టుకుంటాను, నన్ను చూసినట్టు చెప్పకు.”

“నేనెందుకు చెప్తానమ్మా? ఆయన నా వెనకాలే ఉన్నాడు.”

బాబాయ్ పక్కకి జరిగాడు. బాసు కనిపించాడు. అవధానమ్మ బొటనవేలు దానంతట అదే వెళ్లి సొంత ఫోను మ్యూట్ నొక్కేసింది. పెట్టెయ్యడానికి మాత్రం చెయ్యి రాలేదు.

బాసు తిట్టలేదు. నవ్వాడు. ఆయన పళ్లు ఆమె ఇంతవరకూ కంపెనీ క్యాలెండరులో తప్ప ఎక్కడా చూడలేదు.

“ఇక్కడ గాలి బావుందామ్మా? ఒకసారి నా గదిలోకి రా.”

వెళ్లింది. చెవిలో మోగుతున్న సన్నాయి బయటికి వినిపిస్తుందేమోనని దారంతా దగ్గుతూ వెళ్లింది.

“కూర్చో.”

అవధానమ్మ కుర్చీ అంచున కూర్చుంది. బాసు కూర్చోమన్నవాళ్లు అప్పటికి ఇద్దరే. ఇద్దరూ ఆ తర్వాత ఎక్కడ లేచారో ఎవరికీ తెలీదు.

“నువ్వు చూసే పనులన్నీ ఒక కాగితం మీద రాసివ్వమ్మా. ఏది ఎంతవరకూ వచ్చిందో కూడా. పాస్‌వర్డులు పక్కనే రాసెయ్.”

“ఎందుకు సార్?”

“ఊరికే. అన్నీ ఒకచోట ఉంటే మంచిది కదా.”

దొరకలేదన్నమాట! మెట్ల మీద ఏం చేస్తున్నావని కూడా అడగలేదు. గబగబా రాయడం మొదలుపెట్టింది. ఒకటి, సబ్బు మెయిలు, సగం. రెండు, షాంపూ పేరు, సగం. మూడు రాస్తుండగా చెవిలో సంగీతం ఆగిపోయింది.

“మేడమ్, సార్‌కి రింగవుతోంది. ఆయన ఎత్తగానే మాట్లాడండి, ఆల్ ది బెస్ట్!”

బల్ల మీద బాసు ఫోను గిజగిజమని కదిలింది.

“నువ్వు రాస్తూ ఉండమ్మా, ముఖ్యమైన ఫోను,” అంటూ ఎత్తాడాయన. “హలో.”

ఆ హలో అవధానమ్మకి ఎడమ చెవిలోనూ వినిపించింది, కుడి చెవిలోనూ వినిపించింది.