మేత ముట్టని పండుగప్ప

భీమిలి తీరంలో అద్దాల సముద్రం కట్టిన ఏడాది, అందులోకి బతికున్న చేపలను పట్టి తెచ్చినవాడు లచ్చన్న. ఈ పాతికేళ్లలో బయటి సముద్రం వేడెక్కి, చేపన్నది లేకుండా పోయింది. లోపలివి కూడా ఒక్కొక్కటే చచ్చిపోతుంటే, వాటి చోట కాంతితో చేసిన చేపలను వదిలారు. చూడవచ్చిన జనానికి తేడా తెలియదు. నిజమైనది ఒక్క పండుగప్పే మిగిలింది. రోజూ లచ్చన్నే నీళ్లలోకి దిగి దానికి మేత వేసేవాడు.

ఆ ఉదయం అద్దం తుడుస్తూ అడుగుదాకా వెళ్లినవాడికి ఇసుక మీద మూడు రోజుల మేత అలాగే కనిపించింది. పైన పండుగప్ప తిరుగుతూనే ఉంది. చెయ్యి చాపాడు. చెయ్యి దాని పొట్టలోంచి అవతలికి పోయింది.

పైకొచ్చి సూపర్‌వైజర్ పైడిరాజును నిలదీశాడు.

“ఎప్పుడు పోనాదిరా?”

“సోమారం, మావా. బెంగెట్టుకుంటావని సెప్పనేదు.”

“దాన్నేటి సేసినారు?”

“పారేసినారు.”

“వలలో పడ్డ తొలి సేపని గంగమ్మకి వదిలేవోళ్లంరా. ఆకరుదాన్నయినా నా సేతికియ్యకపోనావు.”

పైడిరాజు తల దించుకున్నాడు. “జనం వచ్చే యేళయినాది మావా. మేతెయ్యాల.”

లచ్చన్న బుట్ట పట్టుకుని దిగాడు. పండుగప్ప మేత అందుకున్నట్టే నోరు తెరిచింది. అద్దం అవతల పిల్లలు చప్పట్లు కొట్టారు.

జనం వెళ్లాక మేత ముక్కలన్నీ ఏరి, సముద్రం దగ్గరికి తీసుకెళ్లి, గంగమ్మకు దండం పెట్టి నీళ్లలో వదిలాడు. తినేదేదీ లేక, అవన్నీ అలలతోపాటు అతని కాళ్ల దగ్గరికే తిరిగొచ్చాయి.