సగం కాలిన చక్కెర

కాలేజీ నుంచి వచ్చిన కూతురు చెప్పులైనా విప్పకుండా సోఫాలో వాలిపోయింది. పందొమ్మిదేళ్లకే ఇంత ఒళ్లు బద్ధకమైతే ఎలాగని తల్లి కసిరింది. ఆవిడ హైస్కూల్లో జీవశాస్త్రం టీచరు. తిన్న చక్కెర కణాల్లో ఆక్సిజన్‌తో కలిసి శక్తినిస్తుందని ఇరవై రెండేళ్లుగా పాఠం చెబుతోంది. తిండికీ గాలికీ లోటు లేని పిల్లకు శక్తి లేకపోవడమేమిటని ఆవిడ వాదన.

నెల తిరక్కుండానే కూతురు నడవలేక నడిరోడ్డు మీద కూలబడింది. తొడ కండలోంచి చిన్న ముక్క తీసి పరీక్ష చేసిన డాక్టరు, లోపం మైటోకాండ్రియాలో ఉందన్నాడు. చక్కెర రెండు ముక్కలవుతోంది గానీ, ఆ ముక్కల్లోంచి ఆక్సిజన్ సాయంతో అసలు శక్తిని బయటికి తీసే చోటే పని కుంటుపడుతోంది. మిగిలిపోయింది లాక్టిక్ ఆమ్లమై కండరాల్లో పేరుకుంటోంది. మందులతో కొంత తేరుకోవచ్చు, పూర్తిగా పోదు.

"నాకే ఎందుకొచ్చింది డాక్టరుగారూ?" అంది కూతురు.

ఈ రకం జబ్బు తల్లి నుంచే వస్తుందని చెప్పి, పరీక్షకి ఆవిడ్ని కూడా రక్తం ఇమ్మన్నాడాయన. తల్లి కూతుర్ని బయట కూర్చోమని, డాక్టరుతో పావుగంట ఒంటరిగా మాట్లాడి వచ్చింది. కళ్లు ఎర్రగా ఉన్నాయి.

కూతురు రెండు రోజులు గది దాటలేదు. తనలాంటివాళ్లు లోకంలో ఇంకెవరూ ఉండరని గోడవైపు తిరిగి పడుకుంది. మూడో రోజు తల్లి వెళ్లి మంచం అంచున కూర్చుంది.

"నా నుంచే వచ్చిందే నీకు. నీ ఈడులో నాకూ ఇంతే, నాలుగడుగులేస్తే కాళ్లు పీకేవి. ఎవరికీ చెప్పుకోలేదు. తెలిసి తెలిసీ నిన్ను బద్ధకమన్నాను. మనసులో పెట్టుకోకమ్మా."

కూతురు లేచి కూర్చుని తల్లివైపు తిరిగింది.

"మరి ఇన్నేళ్లూ ఎలా నెట్టుకొచ్చావమ్మా?"

"ఆగుతూ ఆగుతూ వచ్చాను. ఆగడం తప్పేం కాదు."

మర్నాడే కూతురు కాలేజీకి బయల్దేరింది. ఇప్పుడు రోజూ బస్టాపు దాకా ఇద్దరూ కలిసే నడుస్తారు. పార్కు గోడ దగ్గరికి రాగానే ముందు తల్లే ఆయాసపడుతూ చతికిలబడుతుంది. కూతురు ఆవిడ చేతిసంచి అందుకుని, తొందరేం లేదులే అంటూ పక్కన కూర్చుంటుంది. చూసేవాళ్లను చూసి సిగ్గుపడటం మానేసింది.

ఆ పిల్లను కన్నదెవరో ఆవిడకూ తెలియదు.