ఐసుపెట్టెలో మోకాలు

“ఈ ముక్క మనిషిది కాదటండీ” అన్నాడు బందరు డాక్టరు భుజంగరావు, హైదరాబాదు ల్యాబు రిపోర్టు బల్ల మీద పెడుతూ.

గోవర్ధనరావుకి చిర్రెత్తుకొచ్చింది. “అదేం మాటండీ! మీరే కదా నా మోకాలికి చిల్లు పెట్టి తీశారు!”

“తీశాను. కానీ కణాల్ని గుర్తుపట్టే రంగులు వాళ్లు ఎన్ని వేసినా ఒక్కటీ అంటలేదట. మనిషి రక్షణ కణాలకి ఉండాల్సిన గుర్తు ఒక్కటీ కనపడలేదట.”

పక్కన కూర్చున్న సుభాషిణి బెంబేలెత్తిపోయింది. “అంటే మావారికి రక్షణ కణాలే లేవా డాక్టరుగారూ?”

“లేకపోతే ఈయన ఇంత గట్టిగా అరవగలరా అమ్మా?”

ఆ పరీక్ష మీదే గోవర్ధనరావు ఆశంతా. కీలు అరిగిన నొప్పయితే నాగాయలంకలో తన రొయ్యల చెరువు గట్టెక్కడం ఇక మర్చిపోవాలి. కీళ్లవాతమైతే మందులతో లొంగదీయొచ్చు, మళ్లీ తిరగొచ్చు అన్నాడు డాక్టరు. వాతంలో రక్షణ కణాలే గుంపుగట్టి సొంత కీలు మీద పడతాయి. వాటి గుర్తులు పట్టుకుంటే ఏ నొప్పో తేలిపోతుంది. చెరువు గట్టెక్కని బతుకూ ఒక బతుకేనా అని ఆయన బెంగ.

“మళ్లీ ముక్క తీయాల్సిందే” అన్నాడు డాక్టరు.

గోవర్ధనరావు చటుక్కున మోకాలికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. ముక్కని ఐసులో పెట్టి హైదరాబాదు బస్సెక్కించి, ఇప్పుడు గుమ్మం దగ్గర నిలబడ్డ బావమరిది వంక కొరకొరా చూశాడు. “ఒరేయ్ వెంకట్, నిజం చెప్పు. ఏం పంపించావు?”

వెంకట్ నీళ్లు నమిలాడు. “మీ ముక్కే పంపాను బావగారూ. కాకపోతే... ఆ రోజు పెట్టెలు రెండున్నాయి కదండీ. చెరువుకి తెల్లమచ్చ రోగం వచ్చిందేమోనని రొయ్య ముక్కని కాకినాడ రొయ్యల ల్యాబుకి పంపమన్నారు. రెండూ ఒకేలాంటి ఐసుపెట్టెలు...”

“నీ తెలివి తెల్లారినట్టే ఉందిరా!” సుభాషిణి తల కొట్టుకుంది.

డాక్టరు నవ్వాపుకుంటూ ఫోను ముందుకి తోశాడు. గోవర్ధనరావు కాకినాడకి ఎస్టీడీ కలిపాడు. “నాగాయలంక గోవర్ధనరావునండీ. మా పెట్టె పారేశారా, ఉంచారా?”

“మీ కోసమే చూస్తున్నామండీ!” అటువైపు గొంతు హడావిడిగా అంది. “మాకు అంతుచిక్కక మెడికల్ కాలేజీ వాళ్లకిచ్చి రంగులేయించాం. చెరువు గురించి భయపడకండి, తెల్లమచ్చ లేనేలేదు. పాపం, మీ రొయ్యకి కీళ్లవాతం!”