గట్టు మీద చెప్పులు

పొలం మధ్యలో ఎవరో పెద్దావిడ వంగి మట్టి వాసన చూస్తోంది. పాదాలు తడిగా ఉన్నాయి.

కోడలికి ఒళ్ళు మండింది.

మామగారు పొలం కొని చేతికిచ్చాక తను వేసిన తొలి పంట అది, అశ్వగంధ. వేర్లు చూడటానికి మందుల కంపెనీ ఆయన వచ్చే వేళ. ఆయన సరేనంటే తలెత్తుకు తిరగొచ్చు. కాదంటే, ఆడదానికి సేద్యమేంటి అన్న నోళ్ళన్నీ మళ్ళీ లేస్తాయి.

"ఎవరండీ? అడగకుండా దిగారేంటి?"

"చూసి పోదామనమ్మా. నేల గుల్లగా, కమ్మగా ఉంది."

"ఉండదా మరి? నా చేతి చలవ."

పెద్దావిడ నవ్వింది. "మళ్ళీ ఏం వేస్తావు?"

"ఇదే. కలిసొచ్చిన పంటని ఎవరైనా వదులుకుంటారా?"

"వెంటవెంటనే ఇదే వేస్తే వేరుకుళ్ళు పట్టుకుంటుంది. మధ్యలో పిల్లిపెసర చల్లి, పూతకొచ్చాక కలియదున్నించు. నేలకీ తిండి పెట్టాలి కదా."

"మీకెంత పొలముందేంటి?"

"ఇప్పుడు లేదమ్మా."

"లేనివాళ్ళకే సలహాలెక్కువ," అనేసింది కోడలు.

ఆవిడ నొచ్చుకోలేదు. "ఒక్క వేరు ఇస్తావా?" అంది.

కోడలు తవ్విపోసిన వేర్ల కుప్పంతా వెతికి విరిగిన ముక్కొకటి చేతిలో పెట్టింది. ఆవిడ దాన్ని పదిలంగా రుమాల్లో చుట్టుకుంది. గట్టు మీద విడిచిన చెప్పులు తొడుక్కుని బస్సు రోడ్డు వైపు వెళ్ళిపోయింది.

కంపెనీ ఆయన వస్తూనే ఓ వేరు తీసి విరిచాడు. టక్కున విరిగింది. లోపల తెల్లగా ఉంది. ఇంకోటి విరిచాడు. అదీ అంతే.

"ఇలాంటి సరుకు ఈ చుట్టుపక్కల చూడలేదమ్మా."

కోడలు చేతులు దులుపుకుని నిటారుగా నిలబడింది. అప్పుడు ఆమె ముఖం చూడాల్సిందే.

"అదీ ఈ పొలంలో," అన్నాడాయన. "పాతావిడ ఏటా అశ్వగంధే వేసేది. చివరికి వేర్లు నల్లగా కుళ్ళిపోతే సరుకంతా నేనే వెనక్కి పంపాను. ఆ దెబ్బకే పొలం అమ్ముకుంది."

"మామగారు చెప్పారు. అప్పగించడానికి ఏడాది గడువడిగిందట. ఎందుకో మరి."

"ఎందుకేంటి? ఆ ఏడాదంతా జనుము ఒకసారి, పిల్లిపెసర ఒకసారి చల్లి దున్నించింది. అమ్మేసిన పొలానికి ఈ చాకిరీ ఏంటమ్మా అంటే, 'పొలం అమ్మాను గానీ రోగం అమ్మలేదు కదా' అంది."

కోడలు ఆయన వైపు తిరిగింది. "ఆవిడ ఎలా ఉంటారు?"

"మనిషి మామూలే. అలవాటే వేరు. బయటి మట్టితో తెగులు వస్తుందని, చెప్పులు గట్టు మీద విడిచి కాలువలో కాళ్ళు కడుక్కుంటే గానీ పొలంలో అడుగుపెట్టదు."

కోడలు గబుక్కున రోడ్డు వైపు చూసింది. బస్సు కదిలిపోయింది.

"వచ్చే పంటా మాకేగా?"

"లేదండీ. వచ్చేది పిల్లిపెసర, నేలకి," అంది కోడలు. తలెత్తే అంది. "ఈ పంట నా చేతి చలవ కాదు."

కాలువ నుంచి పొలం దాకా, ఈ నేలని బతికించి ఇచ్చిన ఆ మనిషి తడి అడుగులు గట్టు మీద ఇంకా ఆరలేదు.